మా బావగారిని పక్కకు జరిపిన సినిమా

డాక్యుమెంటరీ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తీసేవాళ్ళలో మంచివాళ్ళు కూడా ఉంటారంటారు. ఉంటే ఉండొచ్చు, మా ఇంటికి మాత్రం రాలేదు. మా ఇంటికి వచ్చినతను హైదరాబాదు నుంచి వచ్చాడు. ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డసంచీ, నోరు తెరిస్తే "ఉన్నది ఉన్నట్టు". ఉన్నది ఉన్నట్టు చూపించడమే తన పనట. సినిమావాళ్ళ వేషాలన్నీ తనకు గిట్టవట. ఇదంతా మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మేం కొట్టిచ్చిన బొండాం తాగుతూ చెప్పాడు.

తొంభైల చివరి సంగతి ఇది. రాజోలు దగ్గర మా ఊళ్ళో అప్పటికే చాలా ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు కువైట్‌కో, దుబాయ్‌కో వెళ్ళి ఉన్నారు. మా ఇంటి నుంచి మా అక్క మస్కట్ వెళ్ళింది. అక్కడ ఒకరింట్లో వంట చేస్తూ వాళ్ళ పిల్లల్ని చూసుకునేది. తాటాకు కప్పు తీసేసి స్లాబు వేసుకోవాలని దాని పంతం. పాత ఇంటిని ఆనుకునే గోడలు లేచాయి, స్తంభాలు లేచాయి. స్లాబు పడేదాకా ఉంటానని అక్కడివాళ్ళతో మళ్ళీ ఒప్పందం రాసుకుంది.

ఇక్కడ బావగారు కొబ్బరి కొట్టులో పనికి వెళ్తూ కూతుర్ని పెంచుతున్నారు. నా కాపురం వాళ్ళ దొడ్డి పక్కనే కాబట్టి అన్నం, కూరలు నేను చూసుకునేదాన్ని. జడలు మాత్రం నన్ను వెయ్యనిచ్చేవారు కాదు. పొద్దున్నే పిల్లని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, తలకి నూనె పట్టించి, పాపిడి తీసి, రెండు జడలు అల్లి పైకి మడిచి రిబ్బన్లు కట్టేవారు. నేను వేస్తే అంత బిగువుగా వచ్చేవి కావు, ఒప్పుకుంటాను.

అతను తీస్తున్నది తల్లులు గల్ఫ్‌కి వెళ్ళిపోయిన పిల్లల మీద. రావడం రావడమే ఇల్లంతా కలియజూసి మొహం చిట్లించాడు. టీవీ మీద దుప్పటి కప్పించాడు. అక్క పంపిన టేప్‌రికార్డర్ మంచం కిందికి తోయించాడు. తను కూర్చున్న కుర్చీ కూడా దొడ్లోకి పోయింది. శుభ్రంగా కరెంటున్న ఇంట్లో, ఎవరింటి నుంచో లాంతరు తెప్పించి చూరుకి కట్టించాడు. పిల్ల ఒంటి మీది మస్కట్ గౌను విప్పించి, చంక దగ్గర కుట్లు ఊడిన పాత గౌను తొడిగించాడు.

"ఉన్నది ఉన్నట్టంటే ఇదేనాండీ?" అన్నాను. నాకు మొదటినుంచీ నోరెక్కువ.

"మీకు అర్థం కాదమ్మా, ఫ్రేములో సత్యం వేరు" అన్నాడు. 'అమ్మా' అనడంలో ఎంత దయ ఉందో!

అతనూ, వెంట వచ్చిన కెమెరా కుర్రాడూ కలిసి పిల్లని పెరట్లో జామచెట్టు మొదట్లో కూర్చోబెట్టారు. బావగారు పక్కనే నిలబడ్డారు. అతను కెమెరాలో చూసి, చెయ్యి ఊపి, "సార్, మీరు కొంచెం పక్కకి" అన్నాడు.

"ఆయ్, అలాగేనండి" అని బావగారు జరిగారు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఆయన్ని గోడ దాటించేశాడు.

అప్పుడు పిల్లని గండుచీమ కుట్టింది. పిక్క పట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. బావగారు గోడవతల నుంచి పరిగెత్తుకొస్తే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క నిమిషం సార్, ఒక్క నిమిషం" అంటున్నాడు గానీ, చూపు మాత్రం పిల్ల మొహం మీదే. కెమెరా దగ్గర దగ్గరగా వెళ్ళింది. వాళ్ళకి కావలసినంత ఏడ్చాక తండ్రిని వదిలారు. ఆయన పిల్లని చంకనేసుకుని, కుట్టిన చోట సున్నం రాసి, చేతిలో బిస్కెట్ పెట్టారు. అది చటుక్కున ఏడుపు మాని నవ్వింది. అప్పటికి కెమెరాకి మూత పెట్టేశారు.

కొన్నాళ్ళకి అది టీవీలో వచ్చింది. ఊరంతా మా గుమ్మంలోనే కూర్చున్నారు. వయొలిన్ వాయిస్తుంటే ఎవరిదో బరువైన గొంతు, తల్లి దూరమై, ఆదుకునే దిక్కులేక ఈ పసిపాప రోజూ ఇలాగే ఏడుస్తుందని చెప్పింది. జామచెట్టు, లాంతరు, పిల్ల ఏడుపు. మూడూ అయ్యాక ఖాళీ గుమ్మం. బావగారు అందులో ఎక్కడా లేరు.

"నేను పడకపోయినా జడలు బాగా పడ్డాయమ్మా" అన్నారు ఆయన నాతో.

నా పెళ్ళి వీడియో అమలాపురం నుంచి వచ్చిన ఒకాయన తీశాడు. నన్నూ మా ఆయన్నీ తామరపువ్వులో కూర్చోబెట్టి మంచుకొండల మీద తిప్పాడు. ఆ క్యాసెట్ చూసినవాళ్ళెవరూ మంచుకొండలకి ఎప్పుడు వెళ్ళారని నన్ను అడగలేదు. "కొంచెం నవ్వండమ్మా" అని అందరి ముందూ అడిగి మరీ నవ్వించాడు. అతని అబద్ధం అందరికీ కనబడుతూనే ఉంది, దాంతో ఎవరికీ నష్టం రాలేదు. ఈ గుడ్డసంచీవాడు నిజం అని బోర్డు కట్టుకుని వచ్చాడు. మా చేత్తో మాకే లాంతరు కట్టించి, అది మా బతుకని ఊరందరికీ చూపించాడు.

ఊరితో ఆగినా బాగుండేది. సెలవుకొచ్చిన ముమ్మిడివరం వైపు మనిషొకడు, మన కోనసీమ టీవీలో వచ్చిందన్న మురిపెంతో దాన్ని క్యాసెట్ చేసుకుని, ఆవకాయ సీసాతో పాటు మస్కట్ పట్టుకెళ్ళాడు. అక్కడ తెలుగు డ్రైవర్లుండే గదిలో ఒక శుక్రవారం వేశాడు. సెలవు రోజని అక్కడికెళ్ళిన మా అక్క కూడా చూసింది.

పక్కింటికి ఫోనొచ్చింది. అక్క గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"పిల్ల ఎందుకే అలా ఏడుస్తుంది?"

"చీమ కుట్టిందక్కా, అంతే."

"మీ బావేరి? అందులో ఎక్కడా లేరేంటే? వదిలేసి పోయేరా?"

"ఇదిగో, ఇక్కడే ఉన్నారు, మాట్లాడు."

బావగారు ఫోను తీసుకుని, "నేనేనే. ఇంటి దగ్గరే ఉన్నాను" అన్నారు.

"ఫోనొచ్చిందని ఎక్కడినుంచి పిలుచుకొచ్చేరు మిమ్మల్ని?" అని అడిగిందట అక్క. ఆయన రిసీవర్ నాకిచ్చేసి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు.

నేను ఒట్లు పెట్టుకున్నాను. అక్క విని చివరికి ఒకటే మాట అంది. "నా మీద ప్రేమతో నువ్వు అబద్ధం చెప్తావే. ఆ కెమెరాకేం పని అబద్ధం చెప్పడానికి?"

తోడబుట్టిన నన్ను కాదని ఆ పెట్టెను నమ్మింది. నేను అక్కని ఒక్కనాడూ తప్పుపట్టలేదు. అంతదూరాన కూర్చున్న తల్లికి చూపించేది నిజమో కాదో చూసుకోవలసిన బాధ్యత ఆ పెట్టె పట్టుకున్నవాడిది. ఆ పనికి అసలు ప్రయోజనమంటూ ఉంటే అదొక్కటే. అతనికి మాత్రం పిల్ల ఏడుపు దొరికింది, అది చాలు.

అక్క ఒప్పందం మధ్యలో తెంచుకుని, బతిమాలి పాస్‌పోర్టు తీసుకుని వచ్చేసింది. రాజోలు బస్టాండులో బావగారు పిల్లని తీసుకుని ఎదురెళ్ళారు. పిల్ల మస్కట్ గౌనులో, కొత్త రిబ్బన్లతో ఉంది. అక్క బస్సు దిగి పిల్లని చూసి, ఆయన్ని చూసి, "మీరున్నారా?" అంది.

"ఆయ్, ఎక్కడికెళ్తాను" అన్నారు ఆయన.

అక్క అక్కడే బల్లమీద కూలబడి, పమిట మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తియ్యడానికి ఏ మహానుభావుడూ రాలేదు.

మధ్యలో వచ్చేసినదాన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. స్లాబు పడలేదు. లేచిన గోడల మీద మళ్ళీ తాటాకే కప్పారు. స్తంభాల మీద ఇనుప చువ్వలు అలాగే తుప్పుపట్టాయి. ఆ సినిమాకి ఏదో బహుమతి వచ్చిందని పేపర్లో చదివాను. మనసున్న సినిమా అని రాశారు. ఆ పేపర్ పొయ్యిలోకి పోయింది.

చాలా ఏళ్ళ తరవాత, పిల్ల హైస్కూలుకి వెళ్తున్న రోజుల్లో, అతనే మళ్ళీ వచ్చాడు. లాల్చీ అదే, కెమెరా మాత్రం అరచేతిలో ఇమిడేంత. గల్ఫ్ డబ్బుతో మొదలై ఆగిపోయిన ఇళ్ళ మీద తీస్తున్నాడట. కాలవ గట్టు మీద నుంచి మా చువ్వలు చూసి ముచ్చటపడి దిగాడు. మమ్మల్ని గుర్తే పట్టలేదు.

"ఈ ఇల్లు ఎందుకు ఆగిపోయిందో మీ మాటల్లో చెప్పండమ్మా" అని అక్కని అడిగాడు. నేను ముందుకొచ్చి చెప్పాను. లాంతరు, చీమ, క్యాసెట్, ఫోను, అన్నీ. మీవల్లే ఆగిందండీ అని మొహం మీదే అన్నాను. తల దించుకుంటాడనుకున్నాను. అతని కళ్ళు మెరిశాయి.

"అద్భుతంగా వచ్చిందండి! గాలి శబ్దం పడింది, అంతే. ఒక్కసారి ఆ చువ్వల కింద నిలబడి మళ్ళీ చెప్తారా? నా సంగతి మాత్రం వదిలేయండి."

ఇలాంటివాడి మీద కోపం కూడా దండగే అనిపించింది. ఈలోగా అతను అక్కని, పిల్లని తనే చువ్వల కింద నిలబెట్టుకుని కెమెరాలో చూశాడు. పిల్ల వెనకాల బావగారు కనబడ్డారు. చెయ్యి ఊపాడు.

"సార్, మీరు కొంచెం పక్కకి."

"ఆయ్" అంటూ బావగారు కదిలారు. అక్క చటుక్కున ఆయన చొక్కా పట్టుకుంది.

"ఆయన జరగరండి" అంది. "ఆయన్ని తీస్తేనే మమ్మల్ని తియ్యండి."

అతను కాసేపు కెమెరాలోకి చూశాడు. తండ్రి, తల్లి, పిల్ల ముగ్గురూ బాగానే పట్టారు అందులో. మెల్లగా మూత పెట్టి, వెలుతురు చాలదండీ అన్నాడు. వాకిట్లో ఎండ కాళ్ళు కాలిపోయేలా ఉంది. అతని వ్యాను గట్టెక్కి మలుపు తిరిగేదాకా అక్క బావగారి చొక్కా వదల్లేదు.