ఆటల హాలుకు ఏ కట్టె?

మెదక్‌లో ఒక ప్రైవేటు బడిలో నేను ఆటల టీచరుగా చేస్తున్న రోజులవి. మేడమీది హాల్లో సిమెంటు గచ్చు మీద షటిల్ ఆడి పిల్లలు మోకాళ్ల నొప్పులంటుంటే, కరస్పాండెంటుగారు నేలకు చెక్క వేయిద్దామన్నారు.

"ఏ కట్టె గట్టిదో మీరే సూసి చెప్పుండ్రి మేడం."

కట్టెల సంగతి నాకేం తెలుసు? కాదనలేక తలూపాను.

రామాయంపేట రోడ్డులోని సామిల్లుకు వెళ్తే యజమాని, "నల్లమద్ది ఏసుకోండ్రి, టేకు కంటె గట్టిది," అన్నాడు. దుంగ మీద కూర్చున్న ఒక రైతు నవ్వాడు. "తుమ్మను మించింది ఉన్నదా? మా ఎడ్లబండి గీరెలు, ఇరుసు అన్నీ గదే." బడికి తలుపులు చేసిన వడ్లాయన మాత్రం టేకు తప్ప ఇంకోటి ముట్టనన్నాడు.

ముగ్గురి మాటా నిజమే అనిపించింది. మూడు రకాల చెక్కలూ సామిల్లులో అడిగి తెచ్చి హాల్లో పరిచాను. షాట్‌పుట్ గుండును నడుమెత్తు నుంచి ఒక్కోదాని మీద వదిలాను. టేకు మీద గుంట పడింది. నల్లమద్ది మీద వేలికి తగిలీ తగలనంత. తుమ్మ మీద ఆనవాలే లేదు.

వడ్లాయనను పిలిచి చూపించాను. "టేకే మెత్తగున్నది గదా?"

"గట్టిగుంటె సాలదు మేడం, కుదురుగుండాలె. కొన్ని దినాలు గిట్లనే ఉంచుండ్రి, తెలుస్తది."

అంతలో తెలంగాణ కోసం బందులు మొదలై బడి మూతపడింది. టీచర్లమూ వెళ్లి రోడ్డు మీద ధర్నాకు కూర్చున్నాం. మళ్లీ తెరిచేసరికి తుమ్మ చెక్క మెలి తిరిగి ఉంది, నల్లమద్ది చివర చీలింది. టేకు పెట్టింది పెట్టినట్టే ఉంది.

తేలిపోయిందనుకున్నాను. సామిల్లు యజమాని ఒప్పుకోలేదు. "గా రెండు పచ్చి కట్టెలు మేడం. నమూనాకే గదా అని ఇచ్చిన. ఎండినయైతే గట్లెందుకైతది?" వడ్లాయన మళ్లీ, "ఎండినా ఆటి గుణం పోదు," అన్నాడు.

చివరికి టేకు అని చెప్పానేగాని మనసు కుదుటపడలేదు. నేల వేశాక మోకాళ్ల నొప్పులన్న మాట తగ్గింది. కానీ ఏడాది తిరక్కముందే, మీటింగులప్పుడు కుర్చీలు లాగిన చోటల్లా గీతలు, గుంటలు. టేకు మెత్తన కాబట్టే మోకాళ్లకు హాయినిచ్చిందా? అయితే గట్టిదేదని అంతగా ఎందుకు వెతికాను?

ఒకరోజు కరస్పాండెంటుగారు ఆ గీతలు చూసి, "సరైన కట్టెనే ఏసినమా మేడం?" అన్నారు.

"నాకు ఇప్పటికీ తెలుస్తలేదు సార్."

ఆయన మర్నాడు కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు తెప్పించారు.