‘ఆసక్తి లేదు’ అన్నదెవరు?

"బొమ్మలు గీసే డిజైనర్ల రోజులు అయిపోయాయి. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోండి. నేర్చుకున్నవాళ్లకే ప్రమోషన్" అన్నాడు రిత్విక్, మీటింగ్‌లో అందరి ముందూ.

బొమ్మలు! జెరూషకు ఒళ్లు మండిపోయింది. ఫిల్మ్‌నగర్‌లో, జూనియర్ ఆర్టిస్టులకు షూటింగ్ పిలుపులు పంపే యాప్ కంపెనీ అది. తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో, వాడేవాళ్లు తడబడకుండా ఎలా ముందుకు వెళ్లాలో ఆలోచించడం తొమ్మిదేళ్లుగా ఆమె పని. రిత్విక్ ఆమెకు పైఅధికారి.

ఆ కసితోనే కోర్సులో చేరింది. యూసుఫ్‌గూడ ఇంట్లో పొద్దున్నే భర్త బెన్సన్ పిల్లకు టిఫిన్ డబ్బా సర్దుతుంటే, ఆమె ఇంటర్‌తో వదిలేసిన లెక్కలను మళ్లీ మొదటి నుంచి చదివింది. ఎనిమిది నెలలకు సర్టిఫికెట్ వచ్చింది. రిత్విక్ దాన్ని చూసి "సూపర్" అని, పండగ బ్యానర్ రంగు మార్చమన్నాడు.

ఆ వారమే భూలక్ష్మి ఆఫీసుకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా గుంపు సీన్లలో నిలబడుతున్న మనిషి. రిసెప్షన్‌లో ఎవరూ పట్టించుకోకపోయేసరికి నేరుగా లోపలికి వచ్చి, జెరూష బల్ల మీద ఫోన్ పెట్టింది.

"ఏంది మేడమ్ గిది? నాలుగు నెలల సంది ఒక్క పిలుపు లేదు. నేనేం తప్పు జేసిన?"

"ఫొటోలు సరిగ్గా పెట్టారా అక్కా?"

"ఫొటోల ముచ్చట కాదు మేడమ్! సెట్ల ఫోన్లు గుంజుకుంటరు. గేటు కాడ ఇస్తే ప్యాకప్ అయినంకనే మల్ల ఇస్తరు. గప్పటికి మీ పిలుపు మాయమైతది. గట్ల కొన్ని పోయినంక అసలు వచ్చుడే బందైంది."

పదిహేను నిమిషాల్లో పిలుపు మాయమయ్యే ఆ తెరను గీసింది జెరూషే. మోజుపడి గీసింది, చప్పట్లు కూడా కొట్టించుకుంది.

మామూలుగా అయితే గడువు పెంచి ఊరుకునేదే. కానీ ఇప్పుడు ఆమెకు ఏం అడగాలో తెలుసు. డేటా టీమ్‌లోని నిఖిల్ వెంటపడి, ఎవరిని ముందు పిలవాలో తేల్చే యంత్రానికి ఏ సమాచారంతో నేర్పారో తీయించింది. జవాబు రాని ప్రతి పిలుపు పక్కనా ‘ఆసక్తి లేదు’ అని ఉంది. సెట్లో ఎక్కువ రోజులు పనిచేసినవాళ్లే ఎక్కువసార్లు ‘ఆసక్తి లేనివాళ్లు’ అయ్యారు. యంత్రం వాళ్లను జాబితా అడుక్కి తోసేసింది.

ఆమె ఆ కాగితాలు రిత్విక్ ముందు పెట్టింది.

"యంత్రం సంగతి డేటా టీమ్ చూసుకుంటుంది. నువ్వు స్క్రీన్స్ చూసుకో."

"నేర్చుకోమన్నది మీరే కదా!"

"రెజ్యూమె కోసం నేర్చుకోమన్నా. మాకు పాఠాలు చెప్పమని కాదు."

ఆమె అవే కాగితాలతో నేరుగా యజమాని చలపతిరావు గదిలోకి వెళ్లింది. ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజర్‌గా జూబ్లీహిల్స్ బంగళాల్లో షూటింగులు నడిపినవాడు ఆయన. రెండో పేజీ దగ్గరే కళ్లజోడు తీసేశాడు.

"ఫోన్లు లాక్కున్నది మేమేనమ్మా. ఈ సంగతి ఇక్కడ ఒక్కడికీ తెలియదా?"

"అడగలేదండీ. నేనూ అడగలేదు."

సరిచేయడానికి నెల పట్టింది. భూలక్ష్మికి మళ్లీ పిలుపులు మొదలయ్యాయి. పోయిన నాలుగు నెలలకు మాత్రం కంపెనీ క్షమాపణ చెప్పలేదు. జెరూష ఒక్కతే ఫోన్ చేసి చెప్పింది. అవతల భూలక్ష్మి "సరే తియ్" అని పెట్టేసింది.

పెద్ద మీటింగ్‌లో ఆ మార్పును రిత్విక్ తన ఆలోచనగా చూపించాడు. ప్రమోషన్ నిఖిల్‌కు వచ్చింది. జెరూష మళ్లీ చలపతిరావు గదికి వెళ్లింది.

"యంత్రానికి ఏం నేర్పాలో తేల్చే మీటింగ్‌లో నాకు కుర్చీ కావాలి. లేదంటే ఈ రోజే రాజీనామా."

కుర్చీ ఇచ్చారు. హోదా ఇవ్వలేదు. ఆ రోజు నుంచి రిత్విక్ ఆమెతో మాట్లాడటం మానేశాడు.

మొదటి మంగళవారం మీటింగ్‌లో ఆమె ఒకే ప్రశ్న వేసింది: "వయసు పైబడినవాళ్ల పేర్లన్నీ జాబితా అడుగునే ఎందుకున్నాయి?" ఇద్దరు లాప్‌టాప్‌లు మూసి లేవబోయారు.

"కూర్చోండి," అంది జెరూష. "జవాబు వచ్చేదాకా నేనైతే లేవను."