మే నెలలో మామగారికి హీటర్ వేసిన వైనం

మన వైపు ఎండల్లో, అదీ మే నెల నడిమధ్యన, బండిలో హీటర్ ఫుల్లుగా పెట్టుకుని ప్రయాణం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదవండి. ఆ మనిషి నేనే. పక్క సీట్లో మా మామగారు కూడా ఉన్నారు. ఆయన ఇప్పటికీ క్షేమంగా ఉన్నారు, నాతో మాట్లాడుతూనే ఉన్నారు. మధ్యలో మీకు అనుమానం వస్తుందని ఈ రెండు సంగతులూ ముందే చెప్పేస్తున్నాను.

అప్పుడు నాకు పెళ్ళయిన కొత్త. మా మామగారు నూజివీడులో మామిడి వ్యాపారి. తోటల్లో కాపు కొని, కాయ కోయించి, విజయవాడ పక్క మార్కెట్టుకి తోలిస్తారు. అందుకోసం ఒక డీజిల్ పికప్ ఉంది. ఆ బండిని ఆయన కన్నకూతురికంటే జాగ్రత్తగా చూసుకునేవారు. కూతుర్ని నాకిచ్చారు గానీ బండి తాళం మాత్రం ఇవ్వలేదు.

ఆ ఏడు సరిగ్గా కోతల ముందు డ్రైవరు మానేశాడు. "ఈ సీజనుకి నేను తోల్తానండీ" అన్నాను. ఆయన నన్ను కాయను చూసినట్టు, తొడిమ దగ్గర పట్టుకుని తిప్పి చూసినట్టు చూశారు.

"సరే బాబూ. తొలి లోడు తోలండి. చూద్దాం."

ఆ 'చూద్దాం' నాకు గుండెల్లో గుచ్చుకుంది. నేను మామూలు డ్రైవర్ని కాదని, ఇంజను నాడి తెలిసినవాణ్ణని నిరూపించాలి. వారం రోజులు ఫోన్లో వీడియోలు చూసి, ఆన్‌లైన్లో మూడు గుండ్రటి మీటర్లు తెప్పించాను. ఒకటి టర్బో ఒత్తిడి చూపేది, ఒకటి ఆయిల్ ఒత్తిడి చూపేది, ఒకటి ఇంజన్లో నీళ్ళ వేడి చూపేది. రేడియేటర్ పైపు కోసి సెన్సర్ బిగించాను, వైర్లు లోపలికి లాగాను, మూడింటినీ డ్యాష్‌బోర్డు మీద, ఏసీ గాలి వచ్చే చోటికి సరిగ్గా పైన నిలబెట్టాను. నీలం లైట్లు వెలిగాయి. ఆ అందం చూసి మైమరిచిపోయాను. నల్లటి పలక మీద చీమ తలకాయంత అక్షరాలు కూడా ఏవో ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో పిల్ల మెడ వెనక పుట్టుమచ్చ ఎవరు వెతుకుతారు చెప్పండి?

"బండికి మీటర్లున్నాయిగా, మళ్ళీ ఇవెందుకండీ?" అంది మా ఆవిడ సుధ.

"అవి కంపెనీవాళ్ళు మనల్ని జోకొట్టడానికి పెట్టినవి. నిజం చెప్పేవి ఇవి."

స్టార్ట్ చేసి చూద్దామంటే మా అత్తగారు అడ్డం పడ్డారు. "కొత్త సామాను కదా బాబూ, శుక్రవారం పూజ చేసేదాకా తాళం తిప్పకండి." శుక్రవారం పొద్దున బండికి పూజ చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, ముందు దండ వేశారు. మీటర్లకి కూడా బొట్టు పెట్టాలన్నారు. ఉత్త కుంకుమ గాజు మీద నిలవదని తాను వాడే బొట్టు మైనం ముందు రాసి, దాని మీద కుంకుమ దట్టంగా అద్దారు. దేవుడి పటానికి పెట్టినట్టు ఒక్కోదానికీ కింది భాగంలో ఒక్కో బొట్టు. అంకెలు కనిపిస్తున్నాయి, ముల్లు కనిపిస్తోంది. నాకింకేం కావాలి?

ముసునూరు తోటలో కోసిన కాయ ట్రాక్టరు మీద మా షెడ్డుకి వచ్చింది. తొలి కోత బంగినపల్లి. ట్రేలు ఎక్కించేసరికి ఎండ ముదిరింది. మధ్యాహ్నానికి మార్కెట్టు నుంచి ఢిల్లీ లారీ బయల్దేరుతుంది. మన కాయ అందులో పడాలి. పడకపోతే ఆ ఎండకి ట్రేల్లోనే మెత్తబడుతుంది, పైగా తొలి లోడుకే మాట తప్పారని మామగారి పేరు మార్కెట్టంతా మోగుతుంది. నా సంగతి సరేసరి. ఇక జన్మలో తాళం ముట్టుకోనివ్వరు.

ఊరు దాటామో లేదో నీళ్ళ మీటరు ముల్లు కదిలింది. చూస్తూండగానే నూట ఇరవై. తర్వాత నూట యాభై. నేను రోడ్డు వదిలేసి దాన్నే చూస్తుంటే పక్క సీట్లో మామగారు గమనించారు.

"ఏంటి బాబూ, అలా ఉన్నారు?"

"ఇంజను మరిగిపోతోందండీ!"

మామగారు వంగి బండి సొంత మీటరు చూశారు. "ఇందులో ముల్లు మధ్యలోనే ఉందిగా?"

"అది అబద్ధాలకోరండీ! మీరు నావి చూడండి."

బండి పక్కకి తీశాను. బానెట్ ఎత్తాను. ఆవిరి లేదు, పొగ లేదు, వాసన లేదు. ఆవిరి కూడా రాలేదంటే లోపల నీళ్ళే అయిపోయి ఉంటాయనుకున్నాను. చూస్తే డబ్బాలో గీత దాకా నీళ్ళున్నాయి. దాంతో ఇంకా భయమేసింది. పైకి తెలియని రోగమే ప్రాణం తీస్తుందని వీడియోలో ఒకాయన చెప్పాడు మరి.

మళ్ళీ ఎక్కాం. ఆగిరిపల్లి వచ్చేసరికి నూట ఎనభై. అప్పుడే మార్కెట్టు నుంచి కమీషన్ వ్యాపారి ఫోను. మామగారు స్పీకర్లో పెట్టారు. "ఎక్కడున్నారండీ? లారీకి పట్టా కప్పుతున్నారు!"

"వస్తున్నాం, వస్తున్నాం" అని పెట్టేసి నావైపు తిరిగారు. "నీళ్ళు ఎంత దగ్గర మరుగుతాయి?"

"వంద దగ్గరండీ."

"ఇప్పుడెంతుంది?"

"నూట ఎనభై అయిదండీ."

"అయితే మనం ఎప్పుడో పేలిపోయుండాలి కదా అల్లుడు గారూ?"

నన్ను 'బాబూ' అనడం మానేశారని నాకు అర్థమైంది. ఆగితే లారీ పోతుంది, ఆగకపోతే ఇంజను పోతుంది. అప్పుడు వీడియోలో చూసిన ఆఖరి ఉపాయం గుర్తొచ్చింది. హీటర్ పెడితే ఇంజను వేడి కాస్త క్యాబిన్లోకి వచ్చేసి ఇంజను చల్లబడుతుందట. ఏసీ ఆపేశాను. ఎప్పుడూ ఎవరూ తిప్పని ఆ మీటను ఎర్ర గీత వైపు పూర్తిగా తిప్పి, ఫ్యాను ఆఖరి మెట్టులో పెట్టాను.

పొయ్యి తలుపు తెరిచినట్టయింది. అద్దాలు దించితే బయటినుంచి వడగాలి, లోపలినుంచి నా గాలి. మామగారి గంజిపెట్టిన చొక్కా మెత్తబడిపోయింది. కండువా పిండితే నీళ్ళు కారాయి.

"ఏం చేస్తున్నారు మీరు?"

"ఇంజన్ని కాపాడుతున్నానండీ!"

"మరి నన్నో?"

నా అదృష్టమో దురదృష్టమో, సరిగ్గా నూట తొంభై అయిదు దగ్గర ముల్లు ఆగింది. కదల్లేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. "చూశారా! ఆగింది! హీటరు పనిచేసింది!"

"ఆగిందిగా, ఇక ఆపెయ్యండి."

"ఆపితే మళ్ళీ ఎక్కుతుందండీ. మార్కెట్టు దాకా ఓర్చుకోవాలి."

 ఆయన తల వెనక్కి వాల్చి, సగం మూసిన కళ్ళతో నా మీటర్లనే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపుకి నాకు నిజంగా భయమేసింది. ఈయనకేమైనా అయితే అత్తగారికి ఏం చెప్పాలి? పూజ చేయించి మరీ తీసుకెళ్ళి ఉడకబెట్టానని చెప్పాలా?

కాసేపటికి ఆయన గొంతు నీరసంగా వినిపించింది. "బొట్టు జారుతోంది."

నిజమే. కింది నుంచి తగిలే వేడికి మైనం కరిగి, నీళ్ళ మీటరు మీది కుంకుమ మెల్లగా గాజు మీంచి కిందికి పాకుతోంది.

"దాని కింద ఏదో అక్షరముంది."

"ఏ అక్షరమండీ?"

మామగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. ముందుకి వంగారు. "ఎఫ్."

నా కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచింది.

"జ్వరం చూసే థర్మామీటరు మీద కూడా ఇదే అక్షరం ఉంటుంది" అన్నారు ఆయన, ఒక్కో మాటా తూచి. "మొన్న మీ అత్తకి నూట రెండొచ్చింది. ఆవిడేం మరిగిపోలేదే?"

ఫారెన్‌హీట్! నేను సెల్సియస్ అనుకున్న నూట తొంభై అయిదు నిజానికి తొంభై చిల్లర. ఇంజను పొద్దుట్నుంచీ హాయిగా, ఎలా ఉండాలో అలాగే ఉంది. మరిగింది మేమిద్దరమే. నేను చెయ్యి చాచి హీటర్ ఆపి ఏసీ వేశాను.

"తోలవయ్యా" అన్నారు మామగారు. 'గారూ' కూడా పోయింది.

తోలాను. ఆ తర్వాత ఏ ముల్లు వైపూ చూడలేదు. మార్కెట్టులోకి వెళ్ళేసరికి లారీకి తాళ్ళు బిగిస్తున్నారు. మామగారి మాట మీద గౌరవంతో తాళ్ళు విప్పి మా ట్రేలు ఎక్కించారు. కాయ చెక్కుచెదరలేదు, ఎందుకంటే వెనకాల హీటర్ లేదు కదా. నిలువునా తడిసి దిగిన మామగార్ని చూసి లారీ డ్రైవరు ఆశ్చర్యపోయాడు. "ఏంటండీ, మీ వైపు వాన పడిందా?"

"పడింది" అన్నారు మామగారు. "మా అల్లుడి వైపు నుంచి."

తాళం నాకే ఇచ్చారు, ఆ సీజనే కాదు, ఇప్పటికీ ఇస్తున్నారు. మీటర్లు కూడా ఉన్నాయి. ఏటా తొలి లోడు పూజనాడు అత్తగారు మైనం డబ్బా తియ్యగానే మామగారు గదిలోంచే కేకేస్తారు. "ఆ మూడింటికీ నిండా పెట్టు. ముల్లు కనపడకూడదు!"

కాబట్టి పాఠక మహాశయులారా, తొలి కోత బంగినపల్లి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అంకె పక్కన అక్షరం చదవకుండా ఏ యంత్రాన్నీ నమ్మను. ఒకవేళ నమ్మినా, పక్కన మామగారుండగా హీటర్ వెయ్యను. ఒకవేళ వేసినా, ఆయన్ని ముందుగానే వెనకాల ట్రేల మధ్య కూర్చోబెడతాను.