మొదటి రింగుకే

హెలెన్ అంటే నాకు పడదు. పొద్దున ఏడూ పదికి కంకిపాడు స్టాండులో ఆటో తీస్తుంది, ఏడూ ఇరవైకి మా గంగూరు స్టాపుకి వస్తుంది, ఒక్క నిమిషం ఆగి వెళ్ళిపోతుంది. పది అడుగుల దూరంలో చెయ్యెత్తి పరిగెడుతున్నా ఆగదు. అద్దంలో చూసి మరీ ఆగదు. పోనీ ముందుగా చెబుదామంటే ఆవిడ దగ్గర ఫోనే ఉండదు. ఈ రోజుల్లో ఫోను లేకుండా షేర్ ఆటో ఎవరు నడుపుతారు చెప్పండి?

నోరూ మంచిది కాదు. ఆమధ్య ఒక పెద్దాయన వెనక సీట్లోంచి చెయ్యి చాపి, తన ఫోన్లో మనవరాలి డాన్సు చూడమన్నాడు. ఆటో పక్కకి తీసి దిగమంది. ఆయన సరదాకి అన్నానన్నాడు. ఈవిడ తాళంచెవి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన తిట్టుకుంటూ దిగాకే బండి కదిలింది.

నిరుడు దాకా హెలెన్ ఇంట్లో జాకెట్లు కుట్టుకునేది. నలభై రెండేళ్ళ వయసులో, కాలవ గట్టు మీద ఆటో నేర్చుకుంది. స్టాండులో మగాళ్ళు నవ్వారు. ఒకడు ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా తన బండి అడ్డం పెట్టేవాడట. మూడు రోజులు వాడి ముందే నిలబడి తిట్టి, తన వంతు తను తీసుకుంది.

ఆ ఆటో ఆవిడ భర్త ఏసుపాదానిది. ఏసుపాదం బంగారం. మొదటి రింగుకే ఫోను ఎత్తేవాడు. తల దువ్వుకుంటూనే ఫోను కొట్టి ఎక్కడున్నావని అడగడం మా స్టాపులో అందరికీ అలవాటు. అతను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బస్సుల మధ్య బండి తిప్పుతూ జవాబు చెప్పేవాడు. ఎత్తకపోతే కోప్పడేవాళ్ళం. రెండుసార్లు ఎత్తకపోతే మర్నాడు వేరే ఆటో ఎక్కేవాళ్ళం. అతనికి అది నేర్పింది మేమే.

జనవరిలో ఈడుపుగల్లు దగ్గర, రోడ్డు పక్కన ఆగి ఉన్న చెరుకు ట్రాక్టరుని గుద్దాడు. తుంటి ఎముక ముక్కలైంది. పక్కన కూర్చున్న ఆకుకూరల సుబ్బరత్నానికి కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. చెవి దగ్గర ఫోను ఉందని అందరూ అన్నారు. అవతల ఎవరున్నారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మే నెల నుంచి బండి హెలెన్ చేతికొచ్చింది. మొన్న సోమవారం నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. వన్ టౌన్‌లో నేను పనిచేసే స్టీలు సామాన్ల షాపులో అందరి ముందూ మాట పడ్డాను. మర్నాడు స్టాపులో వాళ్ళందరినీ కూడగట్టి ఆటోకి అడ్డంగా నిలబడ్డాను. నంబరు ఇస్తేనే ఎక్కుతాం, లేకపోతే బండి అమ్ముకో అన్నాను. ఆ ఇంటికి ఆ బండి తప్ప వేరే ఆధారం లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

హెలెన్ మొహం పాలిపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"నంబరు మారలేదండి. మీ ఫోన్లోనే ఉంది. ఏడు నెలల్నుంచి మీలో ఒక్కరూ చెయ్యలేదు."

ఒళ్ళు మండింది. అక్కడే, అందరి ముందూ నొక్కాను. మొదటి రింగుకే ఎత్తారు. కంకిపాడులో మంచం మీద నుంచి ఏసుపాదం. నేను హలో అనగానే, బండి గంగూరుకి ఏడూ ఇరవైకి వస్తుందనీ, సాయంత్రం ఆరున్నరకి బెంజి సర్కిల్లో బయల్దేరుతుందనీ గడగడా చెప్పాడు. ఫోను అతనికి అప్పజెప్పి ఈవిడ బండి తీస్తోందన్నమాట. తర్వాత నా గొంతు గుర్తుపట్టాడు.

"మేడం గారా? ఆ రోజు మీకు చెప్తుండగానే కట్టయిపోయిందండి. సీటు ఉంచాను, కంగారు పడకండి అందామనుకున్నా."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. లైను తెగినందుకు ఆ రోజు నేను అతన్ని తిట్టుకుని వేరే ఆటో ఎక్కాను. సాయంత్రం యాక్సిడెంటు సంగతి తెలిశాక నా ఫోన్లో ఆ కాల్ టైము చూసుకున్నాను. చూసుకుని, చూడనట్టే ఊరుకున్నాను.

హెలెన్ నా వంకే చూస్తోంది. ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ నన్ను ఎక్కించుకుంది. ఫోను చెవి దగ్గరే ఉంది, అవతల అతను మేడం గారూ, మేడం గారూ అంటున్నాడు.

"పెట్టేయండి," అంది హెలెన్ ఆటో స్టార్ట్ చేస్తూ. "మీరు పెట్టేదాకా ఆయన పెట్టరు."