పెద్దమ్మ పథ్యం

పోయిన నెల మోకాళ్లు చూపించుకుందామని మా మనవరాలితో పెద్దాసుపత్రికి పోయి వరండాలో కూర్చుని ఉండగా, పక్క గది తలుపు సగం తెరిచి ఉండి, లోపల ఒక యువ డాక్టరు తన ఎదురుగా కూర్చున్న యాభై ఏళ్లావిడకు ఆమె కాలేయం బొమ్మనే తెర మీద చూపిస్తూ, ఇది క్యాన్సరమ్మా, ఈ గడ్డ వరకు కోసి తీసేస్తాం, మిగిలిన కాలేయం మళ్లీ పెరుగుతుంది, తర్వాత ఇన్నాళ్లు మాత్రలు వాడాలి అని నిదానంగా చెప్తుండడం నా చెవిన పడింది. ఆవిడ కూలబడిపోలేదు. రెండు ప్రశ్నలు అడిగి, కొంగు సర్దుకుని, ఎన్నాళ్లకు ఇంటికి పోవచ్చని అడిగింది. నేనే కొంగు నిండుగా కప్పుకుని ముడుచుకుని కూర్చున్నాను. ఆ గదిలోని చలి గాలి మిషను వల్లనేమోనని మా మనవరాలు తన శాలువా నాకు కప్పింది.

కర్నూలు రాజధానిగా ఉండి, ఊరంతా డేరాలు వేసి ఆఫీసులు నడిపిన ఆ రోజులు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆసుపత్రిలో నర్సుగా నాకది రెండో ఏడు. అసలు నేను ఆ పనిలో చేరతానన్నప్పుడు, పరాయి మగవాళ్ల ఒళ్లు తుడిచే పని మన ఇళ్లలో ఎవరు చేసినారని మా నాయన, చిన్నాయనలు అంతెత్తున లేస్తే, మా అమ్మకు అక్క అయిన మా పెద్దమ్మ కోడుమూరు పక్క పల్లె నుంచి బండి కట్టించుకుని వచ్చి, వాకిట్లోనే నిలబడి వాళ్లందరి నోళ్లు మూయించింది. ఆమె లేకపోతే నాకు ఆ తెల్ల చీర లేదు.

ఆ పెద్దమ్మే ఒక ఎండాకాలం పొద్దున బస్సు దిగి, కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని నా ముందుకు వచ్చింది. కళ్లు పచ్చగా ఉన్నాయి. నేల ఉసిరి నూరి తాగిందట, పసరు పోయించుకుందట, తగ్గలేదు. మా సర్జను నొక్కి చూసి, గట్టిగా తగులుతోంది, కోసి చూస్తేగానీ చెప్పలేనన్నాడు. కోయకుండా కాలేయం లోపలికి చూసే దారి అప్పట్లో ఎవరి దగ్గరా లేదు. పెద్దమ్మ జడవలేదు. పక్క మంచంలో ముసలామెకు పొగాకు నమిలి బుగ్గలో లేచిన పుండును కోసి తీసేస్తే, మానిపోయి ఆ వారమే ఇంటికి పోతుండె. అది చూసి పెద్దమ్మకు కత్తి మీద గురి కుదిరింది. నన్ను మాత్రం పక్కనే ఉండమంది.

ఉన్నాను. ఈథరు వాసనలో సామాన్లు అందిస్తూ నిలబడ్డాను. కడుపు తెరిచినాక సర్జను చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాలేయం రెండు పక్కలా శనగగింజలు చల్లినట్టు తెల్లటి గడ్డలు, నడుమ పిడికిలంత ఒకటి. ఆయన దేన్నీ తీయలేదు. కుట్లకు దారం ఇమ్మన్నాడు. నేను దారం ఇచ్చాను.

బయట వరండాలో పెద్దనాయనకు ఆయన ఉన్నమాట చెప్పినాడు. మద్రాసు తీసుకుపోతానంటే, అక్కడి రేడియం నోటి పుండ్లకు, గర్భసంచికి పనికొస్తుందిగానీ దీనికి కాదనీ, కొత్తగా వచ్చిన సూదిమందు రక్తం జబ్బులకు ఇచ్చి చూస్తున్నారుగానీ కాలేయానికి అదీ పట్టదనీ, ఆమెను ఇంట్లోనే సుఖంగా ఉంచమనీ, నొప్పికి మాత్రం మందిస్తాననీ అన్నాడు. పెద్దనాయన తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని చానాసేపు ఏడ్చి, దానికి మాత్రం చెప్పొద్దమ్మా అని నా చేతులు పట్టుకున్నాడు.

మూడో రోజు పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు ఆడనే ఉంటివి గదా పాపా. తీసేసినారా?"

"తీసేసినారు పెద్దమ్మా."

"ఎంతుండె?"

"నిమ్మకాయంత."

అంత కొలత చెప్పమని నన్నెవరూ అడగలేదు. ఆమె కళ్లు మూసుకుని హాయిగా నవ్వింది. చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ కుట్లు చూపించి నిమ్మకాయ సంగతి చెప్పింది. ఊరు చేరేసరికి ఆ నిమ్మకాయ టెంకాయ అయింది.

ఒక నెల బాగానే గడిచింది. మా అన్న పెళ్లాం, అంటే పెద్దమ్మ కోడలు, ఆలూరు పక్క నుంచి కాపురానికి వచ్చి ఏడాది దాటలేదు. పథ్యం వంట అంతా ఆ వదినె చేతి మీదనే. పెసరకట్టు, బీరకాయ, మెత్తటి గంజి. ఇంట్లో తక్కిన వాళ్లకు కారం, పులుసు వండినా తను మాత్రం అత్తతోపాటు ఆ చప్పిడి కూడే తినేది. నెల తిరిగేసరికి కడుపు ఉబ్బడం మొదలైంది, నొప్పి తిరిగొచ్చింది. గడ్డ తీసేసినారు గదా, మరి ఇదెందుకు? ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన పెద్దనాయనా నేనూ నోరు విప్పలేదు. అందుకని పెద్దమ్మే జవాబు వెతుక్కుంది. కోత కూలోళ్లకు వంకాయ పులుసు వండిన రోజు ఆ గరిటెనే గంజిలో పెట్టినావని కోడలిని పట్టుకుంది. పథ్యం చెడగొట్టినావంది. చూడవచ్చిన వాళ్లందరూ అవునవునన్నారు.

నేను సెలవు పెట్టి పోయేసరికి ఆమె ఎముకలగూడు అయింది. మంచం పక్కన వదినె నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ గోడ పక్కకు తిరిగి పండుకుని ఉంది. నా గొంతు వినగానే ఇటు తిరిగింది.

"నువ్వు తాపు పాపా. దాని చేత్తో వద్దు. శానా బాగుంటి నేను, అదే చేసింది ఇట్ల."

వదినె నా ముఖంలోకి చూసింది. ఆసుపత్రిలో పనిచేసే మనిషిని గదా, వంకాయ పులుసుతో ఇట్లా కాదని ఒక్క మాట అంటానని చూసింది. తిట్టినా సరే, ఏడ్చినా సరే, ఆ నిమిషంలో చెప్పి ఉండవచ్చు. గుమ్మంలో పెద్దనాయన తల వంచుకుని ఉన్నాడు. నేను వదినె చేతిలోని చెంబు అందుకుని పెద్దమ్మకు నీళ్లు తాపించాను. వదినె వంటింట్లోకి పోయింది. నాలుగు రోజులకు పెద్దమ్మ పోయింది, కోడలిని కడసారి చూడనన్నా చూడకుండానే.

అత్తను తిండితో చంపిన మనిషని ఊరు వదినెకు పేరు పెట్టింది. బావి కాడ ఆడవాళ్లు ఆమె రాగానే మాట ఆపేవారట. ఆమె ఆ ఇంట్లోనే నలుగురు బిడ్డలను కని పెంచింది, మళ్లీ వంకాయ ముట్టలేదు.

పెద్దనాయన కూడా పోయిన చాలా ఏళ్లకు, ఒక మధ్యాహ్నం మిద్దె మీద ఆమె చెనిక్కాయలు ఎండబోస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. కడుపు తెరిచి చూసిన సంగతి, ఏదీ తీయకుండా కుట్టేసిన సంగతి, నేను నిమ్మకాయంత అన్న సంగతి, అన్నీ. ఆమె కాయలు చేత్తో నెరుపుతూనే ఉంది. నన్ను తిట్టలేదు.

"ఆ పొద్దే చెప్పింటే ఆమె నా చేతి నీళ్లు తాగిండేది గదా," అంది. కాయలన్నీ పరిచినాక, అన్నం తిని పోదువు లెమ్మంది.

తినే వచ్చాను. వదినె పోయి కూడా పదేళ్లు దాటింది.

ఇప్పుడు కాలేయాన్ని కోసి మిగిలింది పెంచుతున్నారు, మాత్రలతో ఏళ్లు పొడిగిస్తున్నారు. తగ్గనప్పుడు కూడా తగ్గదని రోగికే చెప్పి, ఏం కావాలో రోగినే అడుగుతున్నారు. అప్పట్లో మాకు మందు లేదు, అది ఎవరి తప్పూ కాదు. అయితే మందు లేని చోట మనిషికి ఇవ్వాల్సింది ఇంకొకటి ఉంటుందనీ, అది దాచిపెడితే దాని బరువు పోయి ఇంకెవరి మీదనో పడుతుందనీ మాకెవరూ నేర్పలేదు. దయ చేస్తున్నామనే అనుకున్నాం. కాలం మారింది, మంచిదే. అయితే ఆ మారిన కాలంలోకి పెద్దమ్మ, వదినె ఇద్దరిలో ఒక్కరినీ నేను తీసుకురాలేను.