నేను చదవని మూడో వాక్యం

మీ పని బాగాలేదని మీ ముఖం మీద చెప్పిన మనిషిని మీరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు? గుర్తు రావడం లేదంటే మీ పనిలో తప్పుల్లేవని కాదు, అవి చెప్పే దారి మీరు మూసేశారని. ఆ సంగతి నాకు తెలియజెప్పిన మనిషి అన్నపూర్ణ గారు. నిన్న బ్యాంకులో కరెంటు పోయి ఏ బల్ల కిందో యూపీఎస్ కీచుమని కూయడం మొదలుపెట్టింది. ఆ కూతకు నేను మళ్ళీ రాజమండ్రి దానవాయిపేటలో, ఆవిడ మేడ మీది ఆఫీసులో ఉన్నాను.

ఊళ్ళోకి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. బడిలో సైన్సు చెప్పే ఉద్యోగం మానుకుని ఆవిడ వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు పెట్టారు. మండపేట రైసుమిల్లుల వాళ్ళు, రావులపాలెం అరటి వ్యాపారులు మా క్లయింట్లు. నేను పగలు ప్రోగ్రాములు రాసేవాణ్ణి, సాయంత్రం హేతువాద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఆవిడేమో శివరాత్రికి లాంచీ ఎక్కి పట్టిసీమ వీరభద్రుడి గుడికి వెళ్ళొచ్చే మనిషి. "మీ వీరభద్రుడు కంప్యూటర్లకు వైరస్ రాకుండా చూస్తాడాండీ?" అంటే, "నీ నోటికి రాకుండా చూస్తే చాలయ్యా" అనేవారు.

మా వైపు మర్యాదకు ఒక జబ్బుంది. సైటు చూపిస్తే ఎవరైనా "బాగుందండి" అంటారు. అసలు మాట మెట్లు దిగాక కిళ్ళీకొట్టు దగ్గర బయటికొస్తుంది. అందుకని ఆవిడ నా చేత ఒక పేజీ చేయించారు. తయారవుతున్న సైటును క్లయింటు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చూసి, తోచింది అక్కడే రాయవచ్చు. ఎదుటివాడి ముఖం కనపడదు గనక నిజం రాస్తారని ఆవిడ ఆశ. తీరా పేజీ తయారయ్యాక, దాన్ని ఎక్కడ ఉంచాలన్న దగ్గర తగువొచ్చింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో అద్దెకిచ్చే సర్వరులోనా, మా ఆఫీసు కంప్యూటర్లోనా?

"ఇక్కడే పెడదామండి. మన చేతిలో ఉంటుంది" అన్నాను.

"మన చేతిలో ఉండటమే కదయ్యా నా భయం. తప్పు మనది, ఆ తప్పు రాసిన కాగితమూ మన సొరుగులోనేనా?"

"అంటే నా మీద నమ్మకం లేదా మేడమ్?"

ఆ మాటకు ఆవిడ లొంగిపోయారు. అది వాదన కాదు, బెదిరింపు. సభలో అవతలివాడు అలా మాట్లాడితే నేనే చీల్చి చెండాడేవాణ్ణి. పేజీ నా బల్ల మీది కంప్యూటర్లో చేరింది. పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే ఉండేది.

రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే సుబ్బరాజు గారు అందులో ఇలా మొదలుపెట్టారు: "ఈశాన్యంలో బరువు ఉండకూడదటండి. పైన కుడివైపున్న లారీ బొమ్మ కిందికి దించండి." కంప్యూటర్ తెరకు కూడా వాస్తేనా అని నాకు ఒళ్ళు మండింది. చదవడం అక్కడే ఆపి మొత్తం చెరిపేశాను. మూఢనమ్మకాన్ని ఓడించినంత సంబరంతో ఆ పూట టీ తాగాను. సైటు అలాగే విడుదలైంది.

రెండు వారాలకు ఆయన మేడెక్కి వచ్చారు. "సైటు బాగుందండి" అన్నారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఫోన్లే మాకు రావట్లేదండి. ఎవరో సంగీతం టీచరు గారింటికి పోతున్నాయటండి. గెలలెన్ని పంపుతారని అడిగితే ఆవిడ పాపం ఏం చెబుతారండి."

"నంబరు తప్పని ముందే చెప్పాల్సింది కదండీ రాజు గారూ" అన్నారు అన్నపూర్ణ గారు.

"రాశానండి. లారీ బొమ్మ సంగతి రాసి, దాని కిందే ఇదీ రాశానండి."

ఆవిడ నా వైపు చూశారు. నేను కంప్యూటర్ వైపు చూశాను. అందులో ఏమీ మిగల్లేదని నాకు తెలుసు. అది చూసి ఆయనే సర్దుకున్నారు. "పోన్లెండి, రాశాననుకున్నానేమో. ఈ మిషన్లు నాకు కొత్తండి."

నిజం చెప్పిన మనిషి నా పరువు కోసం తన మాటను తానే అబద్ధం చేసుకుంటున్నాడు. నేను ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు, అది అబద్ధంగానే నిలిచిపోయేది.

"ఆయన రాశారండి. నేనే చెరిపేశాను" అన్నాను.

"చదివే చెరిపావా?"

"రెండు వాక్యాలు చదివానండి."

ఆవిడ గొంతు పెంచలేదు. "దేవుడున్నాడంటే సాక్ష్యం చూపించమంటావు కదా. చేతికొచ్చిన సాక్ష్యాన్ని చదవకుండా చింపేసేవాణ్ణి మీ సభల్లో ఏమంటారు?"

"నంబరు మారిస్తే చాలండి మేడమ్ గారూ, బొమ్మ సంగతి మీ ఇష్టమండి" అని సుబ్బరాజు గారే ఆ నిమిషాన్ని దాటించారు.

మర్నాడు ఆ పేజీని నా చేతే అద్దె సర్వరుకు మార్పించారు. రాసినవాళ్ళు తప్ప ఇంకెవరూ, ఆఖరికి తాను కూడా, ఒక్క అక్షరం చెరపలేని విధంగా కట్టమన్నారు. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. దానికి బదులు, రోజూ పొద్దున్నే అందులోని మాటలన్నీ ఆఫీసంతా వినేలా పైకి చదివే పని నాకు అప్పగించారు. వాటిలో వాస్తు మాటలూ ఉండేవి. వాటి కింద నా సమాధానం రాసేవాణ్ణి, కొన్నిసార్లు వాళ్ళు తిరిగి గట్టిగానే వడ్డించేవారు.

ఆవిడ ఇప్పుడు లేరు. వాస్తు బూటకమని ఈనాటికీ పత్రికల్లో అంతే గట్టిగా రాస్తాను. కానీ నన్ను తిడుతూ వచ్చిన ఉత్తరాన్ని మాత్రం చివరి వాక్యం నుంచి మొదలుపెట్టి మొదటి వాక్యం దాకా చదువుతాను. నచ్చని మనిషి కూడా నిజం చెప్పగలడని, ఆ నిజం నాకు నచ్చని మాటల వెనకే నిలబడి ఉండవచ్చని ఒప్పుకోవడానికి నాకు తెలిసిన దారి అదే.

మీరు బడి నడిపినా, ఆసుపత్రి నడిపినా, ఉద్యమమే నడిపినా, మీ మీద వచ్చే ఫిర్యాదులు ఎవరి అధీనంలో ఉన్నాయో ఇవాళే వెళ్ళి చూడండి. మీ అధీనంలోనే ఉంటే, వాటిని చెరిపే హక్కును ఈ పూటే వదులుకోండి.