ఈశాన్యం మూలన ఆరో గుంత

మా సడ్డకుడు స్కూలు కట్టడానికి స్థలం కొంటున్నాడని మా ఆవిడ చెప్పిన పొద్దున, తింటున్న ఉప్మా పక్కకు నెట్టేశాను. సడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. నాకంటే ఏడేళ్లు చిన్న. పాలకుర్తిలో మా అత్తగారింట్లో అతను అడుగు పెడితే చాలు, ఫ్యాన్ కింది కుర్చీ ఖాళీ అవుతుంది. నేను పోతే "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా" అని వంటింట్లోంచే ఓ మాట. కడుపు మండదా మరి?

నా ఉద్యోగం కూడా ఆ మంటను ఎగదోసేదే. భూమి చేతులు మారే ముందు దాని పూర్వం తవ్వి చూడటం నా పని. అక్కడ ఏ మిల్లు ఉండేది, ఏ గోదాము ఉండేది, మట్టిలో విషమేమన్నా దిగిందా అని పరీక్షించి రిపోర్టు రాస్తాను. అది చూశాకే బ్యాంకు లోన్ ఇస్తుంది. వరంగల్ చుట్టూ నేను తొక్కని జాగా లేదు. నా పేరు మీద మాత్రం జానెడు లేదు.

అతనే ఫోన్ చేశాడు. "అన్నా, బ్యాంకోళ్లు జాగకు ఏదో రిపోర్ట్ గావాలంటున్నరు. జర నువ్వే వచ్చి చూడరాదు."

సొంతవాళ్ల స్థలానికి మేం పోకూడదు, అది ఆఫీసు రూలు. వేరేవాళ్లను పంపమని చెప్పాల్సింది. చెప్పలేదు. చుట్టరికం సంగతే ఎత్తలేదు. ఆ స్థలంలో ఏదో ఒక లోపం నా చేతులతోనే పట్టుకోవాలని ఉంది నాకు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నిజం అదే.

అది ఒకప్పుడు జంపఖానాల నూలుకు రంగులద్దిన షెడ్డు జాగా. షెడ్డు కూలి ఏళ్లయింది. అమ్మేవాళ్లు నేలంతా చదును చేసి, చుట్టూ గోడ కట్టారు. ఎంత బాగుందో! అంత బాగుండటమే నాకు పడలేదు. మరదలు ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. సడ్డకుడు వాస్తు సిద్ధాంతి మెచ్చుకున్న సంగతి చెప్పుకుపోతున్నాడు.

"నేల వాలు ఈశాన్యం దిక్కే ఉన్నదట అన్నా. గిసొంటి జాగ దొరుకుడు అదృష్టమన్నడు. బోరు గూడ ఆ మూలకే ఏస్తున్నం. పిల్లలు తాగే నీళ్లు గదా."

ఉన్న ఉద్యోగం మానేసి, తన వాటా పొలం అమ్ముకుని మరీ దిగాడు ఇందులోకి. అంత ధైర్యం నాకెప్పుడూ లేదు. అదీ ఒక మంటే.

మామూలుగా ఐదు చోట్ల మట్టి తీస్తాం, నాలుగు మూలలా ఒక్కోటి, నడుమ ఒకటి. బయానా ఇవ్వగానే, మంచిరోజు పోతుందని ఈశాన్యం మూలన భూమిపూజ చేసేశారు, ముగ్గు అలాగే ఉంది. అందుకని అక్కడి గుంత కాస్త ఇవతలగా తీశాను. ఐదింట్లోనూ శుభ్రమైన ఎర్రమట్టి. ఒక మరక లేదు, ఒక వాసన లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మంచిగనే ఉన్నదా అన్నా?" అని అతను నవ్వుతుంటే ఒళ్లు మండింది.

"ఆ పూజ చేసిన కాడ గూడ తియ్యాలె" అన్నాను.

మరదలు ముఖం చిన్నబోయింది. "కొబ్బరికాయ కొట్టినం గదా బావా. గా ముగ్గు మీదనే తొవ్వాల్నా?"

"తొవ్వాలె. రూలు."

అలాంటి రూలేదీ లేదు. వాళ్ల ముగ్గు చెరపాలనిపించింది, అంతే. సడ్డకుడు చెప్పులు విప్పి, తానే ముగ్గును పక్కకు ఊడ్చాడు.

మోకాలి లోతు వరకు గులకరాళ్ల మొరం మట్టి. ఆ తర్వాత మట్టి తీసే నా చేతి బర్మా ఒక్కసారిగా మెత్తగా దిగిపోయింది. పైకి లాగితే నీలం కలిసిన నల్ల బురద, ముక్కు పగిలే వాసన. వాలు అటే కదా, షెడ్డులో వాడిన రంగు నీళ్లన్నీ ఆ మూలకే పారి, అక్కడి గుంతలో ఏళ్ల తరబడి ఇంకిపోయాయి. తర్వాత ఎవరో దాన్ని మొరం పోసి కప్పేశారు.

దొరికావురా, అనుకున్నాను. నిజంగా సంబరమైంది. అప్పుడే మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పిల్లలకు ఈ నీళ్లా తాపేటోళ్లం?" అంది. నా సంబరం అక్కడే చచ్చింది.

ఆఫీసులో చుట్టరికం బయటపెట్టి, మా సార్‌తో తిట్లు తిన్నాను. ఆయన ఇంకొకర్ని పంపి మళ్లీ మట్టి తీయించాడు. ల్యాబు కూడా అదే మాట చెప్పింది. సడ్డకుడు ఆ బేరం వదులుకున్నాడు.

వారం తర్వాత మా ఇంటికొచ్చి, "అన్న పట్టువట్టి తొవ్వకుంటే ఆగమైతుంటిమి వదినా" అన్నాడు మా ఆవిడతో. ఆమె నా వైపు మెచ్చుకోలుగా చూసిన చూపు నేను తట్టుకోలేకపోయాను. అతన్ని సాగనంపడానికి బండి దాకా వెళ్లి, ఉన్నదంతా కక్కేశాను.

"తమ్మీ, నీ మీద ప్రేమతోని తొవ్వలే. కుళ్లుతోని తొవ్విన. ఏదన్న దొరకాలెననే తొవ్విన."

బండి స్టార్ట్ చేయబోతున్నవాడు ఆగాడు.

"నాకెరుకే అన్నా. అందుకే నిన్ను పిలిచిన. ఇంకొకడైతే ఐదు గుంతలు తీసి, మంచిగుందని రాసిచ్చి పోతుండె. నా జాగల తప్పు దొరికేదాంక నువ్వు ఇడువవు."

నవ్వి, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తెలివి చూసి నాకు మళ్లీ కడుపు మండింది.